మౌసు కొనేముందు మీ చెయ్యి చూసుకోండి

* ధర ఒక్కటే చూస్తే మణికట్టుకు చేటు
* దరఖాస్తుల్లో తప్పులకూ అదే మూలం
* పైసా ఖర్చు లేకుండా సరిచేసుకునే వీలు

పార కొనబోయిన రైతు ముందు కామ చూస్తాడు. చేతిలో పట్టుకుని రెండుసార్లు ఊపి చూస్తాడు. కొడవలి పిడి లావైతే సన్నం చేయించుకుంటాడు. నాగళ్ళ కాలంలో మేడిని కూడా పట్టేవాడి ఎత్తును బట్టే పెట్టేవాడు వడ్రంగి. పనిముట్టు చేతికి అమరకపోతే సాయంత్రానికి బొబ్బలెక్కుతాయని పల్లెల్లో ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. కాని అదే ఇంటి కుర్రవాడు మీసేవ కేంద్రంలోనో, ఫొటో స్టూడియోలోనో పొద్దస్తమానం చేత పట్టుకునే మౌసు దగ్గరికి వచ్చేసరికి ఈ తెలివి అక్కరకు రావడం లేదు. షాపుకు వెళ్ళడం, "తమ్మీ, ఒక మౌసియ్యి" అనడం, "ఎంతల గావాలన్నా?" అని అతడు అడగడం, "తక్కువలనే ఇయ్యి" అనడం, అట్టపెట్టె కూడా విప్పకుండా సంచిలో వేసుకుని బస్సెక్కడం. నల్గొండ జిల్లాలో ఏ పట్నంలో చూసినా మౌసు బేరం ఇంతటితో సరి.

2011లో మీసేవ వచ్చిన తర్వాత మండల కేంద్రాల్లో కంప్యూటరు ముందు కూర్చోవడం ఒక కులవృత్తి మాదిరిగా స్థిరపడిపోయింది. ఆదాయం, కులం, నివాసం సర్టిఫికెట్లు, పిల్లల స్కాలర్‌షిప్పు ఫారాలు, ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు, భూమి పత్రాలు అన్నీ ఆ చేతి మీదుగానే పోవాలి. బళ్ళు, కాలేజీలు తెరిచే రోజుల్లో కేంద్రాల ముందు జనం బారులు తీరతారు. పెళ్ళిళ్ళ ముహూర్తాలు వస్తే శుభలేఖల డిజైను, ఆల్బమ్ డిజైను, ఫ్లెక్సీల పని తెల్లవార్లూ సాగుతుంది. వీరిలో చాలామందికి నెల జీతమంటూ లేదు. ఎన్ని పనులు చేస్తే అంత కూలి. చెయ్యి ఆగితే పొయ్యి ఆగినట్లే.

ఆ చెయ్యి ఇప్పుడు మొరాయిస్తోంది. బొటనవేలి మొదట్లో నొప్పి అని ఒకరు, మణికట్టు పట్టేసిందని ఇంకొకరు, భుజం దాకా లాగుతోందని మరొకరు చెబుతున్నారు. మౌసు చేత పట్టేవారిని కదిలిస్తే ఇలాంటి మాటలే వినవస్తున్నాయి. జండూబామ్ రాసుకుని, మణికట్టుకు గుడ్డ చుట్టుకుని పని చేసుకుంటున్నవారు కూడా ఉన్నారు.

తిమ్మిరెక్కితే తాత్సారం వద్దు

మణికట్టులో ఎముకల మధ్య సొరంగం లాంటి ఇరుకు దారి ఒకటి ఉంది. వేళ్ళను ఆడించే తాళ్ళ వంటి స్నాయువులతో పాటు ఒక నాడి కూడా ఆ దారిలోనే పోతుంది. ఆ నాడి నొక్కుకుపోతే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెన వేలికి ఏమీ ఉండదు. రాత్రి నిద్రలో బాధ ఎక్కువవుతుంది, లేచి చెయ్యి విదిలిస్తే కాస్త నెమ్మదిస్తుంది. డాక్టర్లు దీనిని కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. దీనికంతకూ మౌసే కారణమని చెప్పడానికి లేదు. చక్కెర వ్యాధి, థైరాయిడ్ ఉన్నవారికీ, గర్భిణులకూ ఇది రావచ్చు. వరినాటుకు, పత్తి తీతకు పోయేవారికి మాత్రం మణికట్టు నొప్పులు కొత్తా? కనుక తిమ్మిరి విడవకుండా ఉంటే మౌసు మార్చి ఊరుకోరాదు, డాక్టరుకు చూపించుకోవాలి. వట్టి అలసట వల్ల, వంకర పట్టు వల్ల వచ్చే నొప్పికయితే మందు చాలావరకు బల్ల మీదనే ఉంది.

ముందు చేతిని కొలవండి

మౌసు ఎంపికలో మొదటి మాట సైజు. మణికట్టు ముడత నుంచి మధ్యవేలి కొస దాకా టేపుతో కొలిచి చూసుకోండి. సుమారు 17 సెంటీమీటర్ల లోపు ఉంటే చిన్న చెయ్యి, 19 దాటితే పెద్ద చెయ్యి అని ఒక లెక్క. లాప్‌టాపు సంచిలో పట్టేటట్లు చేసే బుల్లి మౌసులు 10 సెంటీమీటర్ల పొడవు కూడా ఉండవు. బస్సు ప్రయాణంలో పనికి వస్తాయేమో కాని, పెద్ద చెయ్యిగల మనిషి వాటితో రోజంతా పని చేస్తే వేళ్ళు గోళ్ళలాగా వంచి పట్టుకోవాల్సిందే. తేలు కొండిలాగా ముడుచుకున్న ఆ వేళ్ళే సాయంత్రానికి పట్టేస్తాయి. అటువంటివారికి 12 సెంటీమీటర్ల దాకా ఉన్న నిండు మౌసు మేలు. ఆడపిల్లలు ఆపరేటర్లుగా ఉన్నచోట ఇది తలకిందులుగా జరుగుతోంది. యజమాని తన చేతికి తగ్గట్టు కొన్న పెద్ద మౌసును ఆ అమ్మాయి అరచెయ్యి అంతా చాచి తోయాల్సి వస్తోంది. ఇద్దరు మార్చి మార్చి కూర్చునే కేంద్రంలో రెండు మౌసులుంటే తప్పేమిటి? మామూలు తీగ మౌసు అయిదు వందల రూపాయల లోపునే దొరుకుతున్నప్పుడు!

షాపులో పెట్టె విప్పించండి. అరచెయ్యి దాని మీద వాల్చినప్పుడు చూపుడువేలు, మధ్యవేలు వాటంతటవి బటన్ల మీద పడాలి. మణికట్టు పైకీ, పక్కకూ వంగకూడదు. బటను నొక్కితే తేలికగా దిగాలి, మధ్య చక్రం అడుగడుక్కూ స్పష్టంగా తిరగాలి. అడుగున అరిగే పట్టీలు సరిగ్గా అంటించి ఉన్నాయో లేదో తిరగేసి చూడండి. విప్పి చూపించనంటే మరో షాపు ఉంది. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు దాకా పోయి కొనేవారు కూడా ఈ పని చేయకుండా వస్తున్నారంటే ఏమనాలి? బిల్లు అడిగి తీసుకోవాలి. మంచి కంపెనీలు ఏడాదీ, కొన్ని మూడేళ్ళూ గ్యారంటీ ఇస్తాయి. బిల్లు లేకుంటే ఆ గ్యారంటీ కాగితం దేనికీ కొరగాదు.

చేయి నిలువుగా, ఎవరికో కరచాలనం చేస్తున్నట్లు పట్టుకునే మౌసులు కూడా వచ్చాయి. ముంజేయి మెలిపడకుండా ఉంటుందని వాటిని చేశారు. కొందరికి బాగా హాయి, కొందరికి అసలు నచ్చదు. మౌసు కదలకుండా ఉండి, దాని మీది బంతిని బొటనవేలితో తిప్పే ట్రాక్‌బాలు మరో రకం. ఇరుకు బల్లలవారికి అది అనువు. ఇవి మామూలు మౌసు కంటే ఖరీదు. తెలిసినవారి దగ్గర ఒకరోజు వాడి చూడకుండా కొనవద్దు.

పెట్టె మీది అంకెలకు మోసపోకండి

పెట్టె మీద 3200, 6400 డీపీఐ అని పెద్ద పెద్ద అంకెలు అచ్చు వేస్తారు. అంకె పెరిగితే సరుకు మంచిదని షాపువాళ్ళు చెబుతారు. అసలు సంగతి ఇది. 1000 డీపీఐ మౌసును అంగుళం జరిపితే అది కంప్యూటరుకు వెయ్యి అడుగులు లెక్క చెబుతుంది. మామూలు లాప్‌టాపు తెర అడ్డంగా 1366 చుక్కలు. అంటే వేగం నడిమధ్య ఉంచితే అంగుళంన్నర లోపు కదలికలోనే బాణం ఈ కొస నుంచి ఆ కొసకు చేరుతుంది. 1920 చుక్కల పెద్ద తెరకైనా రెండంగుళాలు చాలు. మరి 6400 దేనికి? ఆటలాడేవారికి కావాలేమో. ఆదాయం సర్టిఫికెటుకు అక్కరలేదు. డబ్బు పెట్టదలిస్తే మంచి బటన్ల మీద పెట్టండి.

గాజు బల్ల మీద ఎందుకు నడవదు?

మౌసు అడుగున వెలుగుతున్న దీపం అలంకారం కాదు. దాని పక్కనే చిన్న కెమెరా లాంటిది ఉండి, కింది బల్లను సెకనుకు వెయ్యికి పైగా ఫొటోలు తీస్తుంది. ఒక ఫొటోకూ మరో ఫొటోకూ మధ్య గరుకు ఎంత జరిగిందో చూసి, మౌసు ఎటు కదిలిందో లెక్క కడుతుంది. గాజు మీద, అద్దంలా మెరిసే పలక మీద గరుకే ఉండదు, ఇక అది చూసేదేమిటి? బాణం ఎగిరెగిరి పడుతుంది. మన కేంద్రాల్లో సగం బల్లలకు పైన గాజు పలక, దాని కింద దేవుడి పటం, ఫోన్ నెంబర్ల చీటీ ఉంటాయి. ఆ గాజు మీద మౌసు మొరాయించిందని దాన్ని మార్చేవారున్నారు. పాత నోటుబుక్కు అట్ట వేస్తే సరిపోయేదానికి!

తీగ ఉన్న మౌసా, లేనిదా అన్నది చాలామందికి సందేహం. ఒకేచోట కూర్చుని పనిచేసే కేంద్రానికి తీగ మౌసే ఉత్తమం. సెల్లు అయిపోవడం ఉండదు, చిన్న రిసీవరు పోగొట్టుకోవడం ఉండదు. దానికున్న శత్రువు ఒక్కటే, అసలు ఎలుక. రాత్రిపూట తీగ కొరికి పోతుంది. తీగ లేనిది వాడే ఫొటో స్టూడియోలవారికి ఒక చిక్కు ఎదురవుతూ ఉంటుంది. పక్కన నీలిరంగు యూఎస్‌బీ రంధ్రానికి హార్డ్ డిస్కు తగిలించి ఫొటోలు ఎక్కిస్తుంటే మౌసు తడబడుతుంది. ఆ డిస్కు, దాని తీగ వెలువరించే రేడియో రొద, మౌసు మాట్లాడే 2.4 గిగాహెర్ట్జ్ దారిలోనే పడుతుంది. రిసీవరు తీసి అవతలి పక్క రంధ్రానికి మార్చండి, లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో దూరం జరపండి. తడబాటు పోతుంది.

మొదటి మౌసూ చెక్కదే

మౌసును ఊహించినవాడు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూటులో పనిచేసిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్. 1964లో ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్ దాన్ని తయారుచేసి చూపాడు. చెక్క డొప్ప, పైన ఒక్క బటను, అడుగున అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి రెండు చక్రాలు. వడ్రంగి పనికీ కంప్యూటరుకూ ఉన్న చుట్టరికం అప్పటిదన్నమాట. వాళ్ళు ఒక్క మౌసునే నమ్ముకోలేదు. తెర మీద పెట్టే లైట్ పెన్ను, జాయ్‌స్టిక్కు, బల్ల కింద మోకాలితో తోసే పరికరం కూడా మనుషుల చేత వాడించి, ఎవరికెంత సమయం పడుతోంది, ఎన్ని తప్పులు వస్తున్నాయి అని కొలిచారు. అలవాటుపడిన చేతికి మౌసే మెరుగని తేలింది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ దాన్ని పెద్ద సభలో నడిపి చూపించాడు. 1970 నవంబరు 17న పేటెంటు వచ్చింది. పేటెంటు సంస్థదే కనుక ఆయనకు రాయల్టీ అంటూ రాలేదు. 2013లో కన్నుమూశాడు. పెట్టె మీది అంకె చూసి కాక, మనిషి చేత వాడించి ఎంపిక చేయాలన్న పద్ధతి మౌసు పుట్టిననాటి నుంచే ఉందని చెప్పడానికే ఈ ముచ్చట.

సరిచేసుకోవడానికి ఖర్చు లేదు

కొన్నది ఏదైనా, దాన్ని మన చేతికి దిద్దుకోవాలి. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, బ్లూటూత్ అండ్ డివైసెస్‌లో మౌస్ అన్నచోటికి వెళ్ళండి. పాయింటర్ స్పీడు అక్కడే ఉంది. మౌసును ఎత్తి ఎత్తి పెట్టాల్సి వస్తుంటే వేగం చాలదు. చిన్న గడిలో టిక్కు పెట్టబోతే బాణం దాటిపోతుంటే వేగం ఎక్కువ. ఒక్కో గీత జరిపి చూసుకోవాలి. ఆల్బమ్, శుభలేఖల డిజైను చేసేవారు అడిషనల్ మౌస్ సెట్టింగ్స్‌లోకి పోయి, పాయింటర్ ఆప్షన్స్‌లో 'ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్' అన్న టిక్కు తీసి చూడండి. అది ఉంటే మౌసును వేగంగా తోసినప్పుడు బాణం మరింత దూరం పోతుంది. తీసేస్తే చెయ్యి ఎంత కదిలితే బాణం అంతే కదులుతుంది, గీత గీయడం సులువు. డబుల్ క్లిక్కు అందుకోలేని పెద్దవారికి ఆ వేగం తగ్గించే ఏర్పాటు కూడా అక్కడే బటన్స్ అన్నచోట ఉంది.

బాణం సైజు సంగతి ఎవరూ పట్టించుకోరు. యాక్సెసిబిలిటీలో 'మౌస్ పాయింటర్ అండ్ టచ్' అన్నచోట దాన్ని పెద్దది చేయవచ్చు, రంగు మార్చవచ్చు. కళ్ళు ఆననివారికే కాదు, ఇది కౌంటరు అవతల నిలబడ్డ రైతు కోసం కూడా. తన పేరు మీద, సర్వే నెంబరు మీద ఆపరేటరు ఎక్కడ నొక్కుతున్నాడో అవతలివారికి కనబడాలి. తెర కాస్త తిప్పి, బాణం పెద్దది చేసి, "చూడు పెద్దయ్యా, ఇదేనా నీ నెంబరు?" అని అడిగితే తప్పు అక్కడే దొరుకుతుంది. లేకుంటే సర్టిఫికెటు చేతికి వచ్చాక సవరణ కోసం మళ్ళీ తిరగాలి. ఒక కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది.

మౌసు చక్రం చేసే మోసం ఒకటుంది. పుట్టిన సంవత్సరం ఎంచుకున్న తర్వాత, అక్కడి నుంచి పక్కకు క్లిక్కు చేయకుండానే కిందికి పోదామని చక్రం తిప్పితే, కొన్ని ఫారాల్లో పేజీ జరగడానికి బదులు సంవత్సరమే మారిపోతుంది. 2007 కాస్తా 2010 అవుతుంది. ఆపరేటరు చూపు అప్పటికే కింది గడి మీద ఉంటుంది. ఎంచుకున్న వెంటనే ఖాళీ జాగాలో ఒకసారి నొక్కి, ఆ తర్వాతే చక్రం తిప్పడం అలవాటు చేసుకోవాలి. ఫారం పంపే బటను నొక్కేముందు పేరు, పుట్టినతేదీ, మొబైల్ నెంబరు పైకి చదివి వినిపించమని అడిగే హక్కు మీకుంది. అడగండి.

పుర్రచేతి వారి గోడు

ఎడమచేతి వాటం పిల్లలను కంప్యూటరు నేర్చుకునేచోట కుడిచేతికి మార్చే ప్రయత్నం ఇంకా జరుగుతూనే ఉంది. ఎడమచేత్తో కాగితం ఇస్తేనే ముఖం చిట్లించే మన అలవాటు మౌసు దాకా పాకింది. ఆ అవసరం లేదు. పైన చెప్పిన మౌస్ సెట్టింగ్స్‌లో మొట్టమొదటి గీటే 'ప్రైమరీ మౌస్ బటన్'. దాన్ని రైట్ అని మారిస్తే బటన్లు తారుమారవుతాయి, ఎడమచేతి చూపుడువేలే అసలు క్లిక్కు చేస్తుంది. మౌసు మాత్రం రెండు వైపులా ఒకే ఆకారంలో ఉన్నది చూసి కొనాలి. బొటనవేలికి గుంట తవ్వినట్లున్నవి కుడిచేతివే.

కుడిచేతి వాటం వారిలో కూడా నొప్పి వచ్చాక ఎడమచేతికి మారినవారున్నారు. మొదటి వారం రెండు వారాలు చెయ్యి మాట వినదు. తర్వాత అలవాటవుతుంది. ఇందులో మరో సుఖం ఉంది. కీబోర్డుకు కుడి పక్కన అంకెల గడులు ఉండడం వల్ల కుడిచేతి మౌసు అంత దూరం జరుగుతుంది, భుజం చాచాల్సి వస్తుంది. ఎడమ పక్క ఆ అడ్డు లేదు. ఏ పక్కన పెట్టినా మౌసు కీబోర్డుతో సమానమైన ఎత్తులో, దగ్గరగా ఉండాలి. మోచెయ్యి పక్కటెముకలకు ఆనుకున్నట్లు ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ పల్లమైతే కింద మందపాటి దిండు వేసుకోండి. బల్ల అంచు మణికట్టుకు కోసుకుంటుంటే మడతపెట్టిన తువ్వాలు చాలు.

టచ్ ప్యాడు గంతులు వేస్తుంటే

ఇంజనీరింగులో చేరిన పిల్లలకు లాప్‌టాపు కొనిచ్చిన తల్లిదండ్రులు తరచు వినే ఫిర్యాదు ఇది. కీబోర్డు కింది పలక వేలి స్పర్శలోని విద్యుత్ గుణాన్ని పసిగట్టి పనిచేస్తుంది. చెమట చేతులు, తడి చేతులు దానికి గిట్టవు. ఇంటి ప్లగ్గుకు సరైన ఎర్తింగు లేకపోతే చార్జరు పెట్టినప్పుడు బాణం వణుకుతుంది. చార్జరు తీసి చూడండి. వణుకు ఆగితే తప్పు లాప్‌టాపుది కాకపోవచ్చు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎర్తింగు లేకపోవడం మనుషులకే ప్రమాదం. టైపు చేస్తుండగా అరచెయ్యి తగిలి బాణం ఎటో పోతుంటే టచ్ ప్యాడ్ సెట్టింగ్స్‌లో సెన్సిటివిటీ తగ్గించాలి. రెండు వేళ్ళతో జరిపితే పేజీ జరుగుతుంది, రెండు వేళ్ళతో ఒకసారి తట్టితే కుడి బటను పని అవుతుంది. చదువుకు, చూడటానికి ఇది చాలు. రోజంతా ఫారాలు నింపడానికి మాత్రం మౌసు తగిలించుకోవలసిందే.

ఒక నొక్కుకు రెండు నొక్కులు

బటను కింద సన్నని లోహపు రేకు స్ప్రింగు ఉంటుంది. లక్షల నొక్కులు తిన్నాక అది అలసిపోయి, ఒకసారి నొక్కితే రెండుసార్లు తగులుతుంది. ఒక్క నొక్కుకే ఫైలు తెరుచుకోవడం, ఫొటోను లాక్కుపోతుంటే మధ్యలో జారిపడటం దీని గుర్తులు. ఇలాంటి మౌసుతో డబ్బు చెల్లించే బటను నొక్కడం కోరి చిక్కు తెచ్చుకోవడమే. గ్యారంటీ ఉంటే మార్పించాలి. లేకుంటే టంకం చేసే మెకానిక్కు ఆ చిన్న స్విచ్చి మార్చగలడు.

ఇక, ఆఖరు తేదీ సాయంత్రం జనం నిలబడి ఉండగా మౌసు చచ్చిపోతే? ఎడమ పక్కనున్న ఆల్ట్, షిఫ్టు రెండూ నొక్కి పట్టి నమ్ లాకు నొక్కండి. మౌస్ కీస్ వాడతారా అని విండోస్ అడుగుతుంది. సరేనని ఎంటర్ కొట్టండి. నమ్ లాకు దీపం వెలుగుతూ ఉండాలి. కుడి పక్కనున్న అంకెల గడుల్లో 8 పైకి, 2 కిందికి, 4 ఎడమకు, 6 కుడికి బాణాన్ని నడుపుతాయి, 5 క్లిక్కు చేస్తుంది. నత్తనడక అయినా వరుసలో ఉన్న పిల్లల ఫారాలు ఆగవు. అంకెల గడులు లేని చిన్న లాప్‌టాపుల్లో ఈ ఉపాయం చెల్లదు. అలాంటివారు బల్ల సొరుగులో ఒక తీగ మౌసు దాచి ఉంచుకోవాలి, ఎలుకకు అందకుండా డబ్బాలో పెట్టి.